ఇగ్వానా 12 రోజులుగా తినడం లేదు, పొట్ట ఉబ్బింది, మట్టి తవ్వుతోంది. గుడ్లతో ఉందా?

బెజవాడ_మందారం | ఫిబ్రవరి 18, రాత్రి 10.40

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. మా ఇంట్లో ఒక ఆకుపచ్చ ఇగ్వానా (పెద్ద బల్లి జాతి జీవి) ఉంది, పేరు చిలక. మా అన్నయ్య పెంచుకున్నాడు. రిజిస్ట్రేషన్ కాగితాలన్నీ తనే చేయించాడు. ఉద్యోగం పుణేలో రావడంతో ఏడాదిన్నర నుంచి దాన్ని నేనూ, మా నానమ్మా చూసుకుంటున్నాం. వయసు నాలుగేళ్లు దాటింది. తోక వదిలేస్తే ఒళ్లు 13 అంగుళాలు, తోకతో కలిపితే మూడున్నర అడుగులు. నిన్న కాటా మీద పెడితే 1 కిలో 720 గ్రాములు తూగింది.

ఫిబ్రవరి 6 నుంచి ఇది తిండి మానేసింది. గిన్నె నిండా మునగాకు పెడితే వాసన చూసి వెళ్లిపోతోంది. మందార పువ్వు ఇస్తే ఒక రేకు తింటుంది, అంతే. నీళ్లు మాత్రం తాగుతోంది. పొట్ట రెండు పక్కలా ఉబ్బింది, చర్మం కింద ద్రాక్షపళ్లు పేర్చినట్టు గడ్డలు కనిపిస్తున్నాయి. బోను మూలల్లో రోజంతా గీకుతోంది. మొన్న బాల్కనీలోకి వదిలితే నానమ్మ తులసికోటలో మట్టి సగం తవ్వి పారేసింది.

అది చూసి నానమ్మ "ఇది కడుపుతో ఉందే, గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటోంది" అంది. కానీ మా ఇంట్లో మగది లేదు. అసలు ఇన్నాళ్లూ దీన్నే మగది అనుకున్నాం. మా వీధిలో కుక్కలకు వైద్యం చేసే డాక్టరు గారు "ఇలాంటివి నాకు అలవాటు లేదమ్మా, తెలియకుండా మందు ఇవ్వలేను" అని చెప్పేశారు.

మగది లేకుండా గుడ్లు వస్తాయా? సిరంజితో తినిపించాలా? నేనిప్పుడు ఏం చేయాలి? అన్నయ్య రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, రాత్రి రెండుసార్లు లేచి ఊపిరి తీసుకుంటోందో లేదో చూస్తున్నాను.

సీతమ్మధార_శ్రీను | ఫిబ్రవరి 18, రాత్రి 11.15

సిస్టర్, ముందు ఒక్క మాట. నోరు బలవంతంగా తెరిచి తినిపించకండి. మా దానికి కిందటేడు ఇలాగే అయింది, సరిగ్గా మూడు వారాలు ఏమీ ముట్టలేదు, తర్వాత గుడ్లు పెట్టింది. పొట్ట మీద నొక్కి గడ్డలు లెక్కపెట్టే పని కూడా వద్దు. మిగతాది తార్నాక పెద్దమ్మ గారు చెబుతారు, అప్పుడు మాకు దారి చూపించింది ఆవిడే.

తార్నాక_పెద్దమ్మ | ఫిబ్రవరి 19, ఉదయం 6.05

అమ్మా మందారం, మీ నానమ్మ గారు చెప్పిందే నిజం. చిలక గుడ్లతో ఉన్నట్టే ఉంది. ఊపిరి చూడటానికి రాత్రిళ్లు లేవకు తల్లీ, నువ్వు లైటు వేసినప్పుడల్లా దానికీ నిద్ర చెడుతుంది.

మగది లేకుండా గుడ్లు ఎలా అంటే, ఫారం కోళ్లు పుంజు లేకుండానే గుడ్లు పెట్టడం లేదూ? ఇదీ అంతే. ఈడుకొచ్చిన ఆడ ఇగ్వానా ఒంటరిగా ఉన్నా, చలికాలం పోయి ఎండలు ముదిరేలోపు గుడ్లు కట్టుకోవచ్చు. మామూలుగా రెండోయేడు దాటాక మొదలవుతుంది. ఆ గుడ్లలోంచి పిల్లలు రావు. కానీ తల్లి పడే శ్రమలో తేడా ఏమీ ఉండదు. ఒక కాన్పుకి ఇరవై నుంచి డెబ్బై దాకా గుడ్లు పెట్టే జీవి ఇది. ఆ గుడ్లే పొట్టంతా నిండిపోతే తిండికి చోటెక్కడుంటుంది? అందుకే చివరి మూడు నాలుగు వారాలు తినడం తగ్గించేస్తుంది, కొన్ని పూర్తిగా మానేస్తాయి.

అందుకని తినడం లేదని భయపడకు. దాని కళ్లు చూడు, మెడ చూడు. నువ్వు గదిలోకి వస్తే తలెత్తి చూస్తోందా? కొమ్మ ఎక్కుతోందా? గీకుతోందా, తవ్వుతోందా? అయితే బాగానే ఉంది. తినకపోగా, పట్టుకుంటే గుడ్డపీలికలా వేలాడిపోతూ, పగలు కూడా కళ్లు మూసుకుని పడి ఉంటే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గర ఉండాలి.

ఈ మాట నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నా మొదటి ఇగ్వానా పేరు మరకతం. 2014లో అది ఐదు వారాలు అద్దాల బోనులో మూల గీకింది. నాకు తెలియలేదు. బయటికి రావాలని మారాం చేస్తోంది అనుకున్నాను. కింద న్యూస్‌పేపర్లు పరిచేదాన్ని, అది చింపేది, నేను మళ్లీ కొత్తవి పరిచేదాన్ని. ఒక రోజు గీకడం ఆపేసి మెదలకుండా పడుకుంది. హమ్మయ్య, శాంతించింది అనుకున్నాను. అమ్మా, అది శాంతించడం కాదు, ఓపిక అయిపోవడం. మర్నాడు ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళితే మలబద్ధకం అని విరేచనాల మందు ఇచ్చారు. మూడో రోజు పోయింది. తర్వాత కోసి చూస్తే లోపల 41 గుడ్లు. ఒక్కటి కూడా బయటికి రాలేదు. తవ్వుకునే చోటు చూపించి ఉంటే ఏమయ్యేదో అని ఇవాళ్టికీ అనుకుంటాను.

ఇవి అడవిలో ఎలా పెడతాయో తెలిస్తే బోనులో మనమేం చేయాలో నీకే అర్థమవుతుంది. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా వీటి స్వస్థలం. చెట్ల మీద బతికే జీవి, గుడ్ల కోసమే కిందికి దిగుతుంది. ఎండ బాగా తగిలే ఇసుక నేలలో మనిషి పొడవు సొరంగం తవ్వి, లోపల పెట్టి, మళ్లీ పూడ్చి వెళ్లిపోతుంది. పనామాలో గాతున్ సరస్సు మధ్య ఒక బుల్లి దీవి ఉంది, స్లోతియా అంటారు. పక్క దీవి నుంచి ఆడ ఇగ్వానాలు ఏటా అక్కడికి ఈదుకుంటూ వెళ్లి గుడ్లు పెడతాయి. మంచి మట్టి కోసం నీళ్లు దాటి పోయే జాతి అది. దానికి మనం న్యూస్‌పేపర్ పరిస్తే ఎలా?

ఇక పని. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తెచ్చుకో. కొత్తదైనా సరే, తాగే నీళ్లు పోసిందైనా సరే. రంగులు, యాసిడ్, ఫినాయిల్ పోసిన డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి రెండు పక్కలా ఇటుకలు ఆనించి దొర్లకుండా చెయ్యి. ఒక వైపు మూత కోయించి, కింది సగానికి ప్లైవుడ్ ముక్క బిగించు, మట్టి జారకుండా. పై సగంలో అది దూరేంత దారి వదులు. కోసిన అంచు కత్తిలా ఉంటుంది. పాత నీళ్ల పైపుని నిలువునా చీల్చి ఆ అంచుకి తొడుగు. నేను మొదటిసారి ఇది చేయలేదు, రెండో ఇగ్వానాకి పొట్ట కింద గీసుకుపోయింది.

లోపల ఇసుక, ఎర్రమట్టి సగం సగం కలిపి డ్రమ్ములో సగం ఎత్తుకు నింపు. నర్సరీ వాళ్లు ఎరువు కలిపి అమ్మే మట్టి వద్దు. తెచ్చిన మట్టిని రెండు రోజులు మేడ మీద ఎండబెట్టు, పురుగూ పుట్రా పోతాయి. తర్వాత నీళ్లు చల్లి కలుపు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, కానీ వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారకూడదు. పొడిగా ఉంటే సొరంగం కూలిపోతుంది, అది విసుగెత్తి వచ్చేస్తుంది. డ్రమ్ము ఎక్కడ ఉంచాలో ముందే నిర్ణయించుకో, మట్టి పోశాక వంద కిలోలు దాటుతుంది, ఇద్దరు కూడా జరపలేరు.

మట్టి లోపల వేడి 29, 30 డిగ్రీలు ఉండాలి. చిన్న థర్మామీటరు తీగని మట్టిలో గుచ్చి చూడు. ఫిబ్రవరిలో మీ ఊళ్లో పగలు పరవాలేదు, రాత్రిళ్లు చల్లబడుతుంది. వేడి బల్బు పెడితే డ్రమ్ము బయటే పెట్టు, లోపల ఎప్పుడూ వద్దు. చీమలు పడితే మందు చల్లకు, ఇటుకలను నీళ్ల పళ్లాల్లో నిలబెట్టు. డ్రమ్ము మీద పాత దుప్పటి కప్పి చీకటి చెయ్యి. ఆ తర్వాత దాని జోలికి పోకు. ఎవరైనా చూస్తూ ఉంటే సగంలో ఆపేసి వచ్చేస్తుంది. వీడియో తీయాలని ఫోను పట్టుకుని కూర్చోకు తల్లీ.

తిండి గురించి. ఒకేసారి గిన్నె నిండా పెట్టకు, రోజుకి నాలుగుసార్లు గుప్పెడు గుప్పెడు పెట్టు. మునగాకు, మందార ఆకులు, పూలు, మెంతికూర, తురిమిన గుమ్మడికాయ, బీన్స్. ఈ రోజుల్లో కాస్త బొప్పాయి, అరటిపండు ఎక్కువైనా పరవాలేదు, ఏదో ఒకటి తినాలి. పాలకూర, తోటకూర, బచ్చలి, గోంగూర వద్దు, వాటిలో ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. గుడ్లతో ఉంది కదా అని కోడిగుడ్డు, మాంసం పెట్టమని ఎవరైనా చెబితే వినకు. ఇది ఆకులు తినే జీవి. రోజూ భుజాల దాకా వచ్చేంత గోరువెచ్చటి నీళ్లలో పావుగంట ఉంచు. తినకపోయినా ఒంట్లో నీరు తగ్గకూడదు.

మీ యూవీబీ ట్యూబు, అదే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చే లైటు, ఎప్పటిది? అది ఒక్కటి నాకు వెంటనే చెప్పు.

బెజవాడ_మందారం | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1.20

పెద్దమ్మా, మీ మరకతం గురించి చదివి నానమ్మకి కూడా చదివి వినిపించాను. ఇద్దరికీ ఏడుపొచ్చింది. మా చిలక గీకడం ఆపలేదు, ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను, నన్ను చూసి తల ఎత్తింది.

ట్యూబు అన్నయ్య వెళ్లకముందు పెట్టిందే, రెండేళ్లు అయి ఉంటుంది. వెలుగుతూనే ఉంది కదా అని మార్చలేదు. బోను కిటికీ పక్కనే ఉంటుంది, పొద్దున్నే ఎండ బాగా పడుతుంది.

డ్రమ్ము కోసం ఈ సాయంత్రం వన్ టౌన్ వెళుతున్నాను.

తార్నాక_పెద్దమ్మ | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2.10

ఇవాళే ట్యూబు కూడా కొనుక్కో. వెలుగు ఉన్నంత మాత్రాన యూవీబీ ఉన్నట్టు కాదు, ఆరు నెలల నుంచి ఏడాదిలో అది తగ్గిపోతుంది, మన కంటికి తెలియదు. కిటికీ అద్దం కూడా యూవీబీని ఆపేస్తుంది. అంటే మీ చిలకకి ఏడాది పైగా అది సరిగా అందలేదు. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారు కాదు, డి3 లేకపోతే మునగాకు ఎంత తిన్నా కాల్షియం ఎముకకి పట్టదు. ఇప్పుడు గుడ్ల పెంకులకూ కాల్షియం కావాలి, గుడ్లను బయటికి నెట్టే కండరాలకూ కావాలి.

కంగారు పడకు. రోజూ ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య మేడ మీద నేరుగా ఎండలో అరగంట ఉంచు, పక్కన నీడ కూడా ఉండాలి. నువ్వు అక్కడే కూర్చో, కాకులూ పిల్లులూ ఉంటాయి. కానీ ఈ ట్యూబు సంగతి విన్నాక ఒకసారి డాక్టరుకి చూపించాలనే అంటాను. మీకు దగ్గర్లో గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది. ఎక్స్‌రే తీస్తారేమో ముందు ఫోన్ చేసి కనుక్కో.

వెట్_గుంటూరు | ఫిబ్రవరి 19, రాత్రి 9.30

నేను పశువైద్యుణ్ని. ఎక్కువగా పక్షులు, సరీసృపాలు చూస్తాను. పెద్దమ్మ గారు చెప్పినవాటికి నాలుగు మాటలు కలుపుతాను.

ఎక్స్‌రే తప్పకుండా తీయించండి. వీలైతే అల్ట్రాసౌండ్ కూడా. పొట్ట ఉబ్బి గడ్డలు కనిపించినంత మాత్రాన అవన్నీ పెంకు కట్టిన గుడ్లని అనుకోలేం. ఒక్కోసారి అండాశయంలో పచ్చసొనల దశలోనే ఆగిపోయి, అక్కడి నుంచి కదలవు. అప్పుడు ఎంత మంచి డ్రమ్ము పెట్టినా పెట్టదు, పెట్టలేదు. ఆ రెండింటికీ వైద్యం వేరు. రక్తంలో కాల్షియం ఎంతుందో కూడా చూడమని అడగండి.

కాలి వేళ్లు, ముందు కాళ్లు సన్నగా అదురుతున్నాయా? అన్నం గిన్నె దగ్గరున్నప్పుడు, ఎత్తుకున్నప్పుడు గమనించండి. దవడ మెత్తగా రబ్బరులా అనిపిస్తోందా? ఇవి కాల్షియం పడిపోయిన గుర్తులు. కనిపిస్తే ఆలస్యం చేయకండి. మనుషులు వాడే కాల్షియం, డి3 మాత్రలు మీ అంతట మీరు నూరి పోయకండి. డి3 ఎక్కువైనా ప్రమాదమే.

పొట్ట నొక్కొద్దని ఒకరు ముందే రాశారు, అది చాలా ముఖ్యం. లోపల గుడ్డు పగిలితే సొన పొట్టలోకి కారి తీవ్రమైన వాపు వస్తుంది. అలాగే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వేస్తే గుడ్లు పడిపోతాయని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. తాబేళ్లకు పని చేసినంత బాగా బల్లిజాతికి చేయదు. గుడ్డు అడ్డం పడి ఉంటే ఆ మందు హాని చేస్తుంది. ఎక్స్‌రే చూడకుండా వేయకూడదు.

పెట్టడం మొదలుపెట్టి, కొన్ని పెట్టి ఆగిపోయి, రెండు రోజులు గడిచినా మిగతావి రాకపోతే తీసుకురండి.

ఇంకొకటి, నానమ్మ గారి కోసం. ఇగ్వానాలు ఆరోగ్యంగా ఉన్నా వాటి పేగుల్లో సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. స్నానం చేయించిన నీళ్లు వంటింటి సింకులో పారబోయకండి. ఇంట్లో గర్భిణులు, ఐదేళ్ల లోపు పిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త.

హ్యూస్టన్_తెలుగోడు | ఫిబ్రవరి 20, ఉదయం 7.45

మందారం గారూ, మీ పోస్టు చూసి నాకు 2021 ఫిబ్రవరి గుర్తొచ్చింది. టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు మా ఇగ్వానా గుడ్లతో ఉంది. రెండు రోజులకు పైగా హీటరు లేదు, ఇంట్లో మా నోటి నుంచే ఆవిరి కనిపించింది. ఇగ్వానాకి తన ఒంటి వేడి తనకు ఉండదు కదా, చల్లబడితే అరగడం ఆగిపోతుంది, గుడ్లు పెట్టడం కూడా ఆగిపోతుంది. గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి, తువ్వాళ్లు చుట్టి దాని పెట్టెలో పెట్టాం. గంటన్నరకోసారి మార్చాం. మా ఆవిడా నేనూ వంతులు వేసుకున్నాం. మధ్యమధ్య ఆరుబయట నిలిపిన కారులో హీటరు వేసుకుని దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కరెంటు వచ్చిన ఎనిమిదో రోజున 29 గుడ్లు పెట్టింది.

మీకు అంత చలి రాదు. కానీ రాత్రి కరెంటు పోతే ఈ సీసాల పద్ధతి పనికొస్తుంది. సీసా నేరుగా దాని ఒంటికి తగలనివ్వకండి, కాలిన సంగతి వీటికి త్వరగా తెలియదు.

ఇంకొక విషయం. ఇది ఏటా వస్తుంది. మా దానికి వరసగా రెండేళ్లు వచ్చాక ఆపరేషన్ చేయించి అండాశయాలు తీయించాం. ఇప్పుడు కాదు, అది కోలుకుని బరువు పెరిగాక ఆలోచించండి.

బెజవాడ_మందారం | ఫిబ్రవరి 24, రాత్రి 8.50

అందరికీ చెప్పాలని రాస్తున్నాను. డ్రమ్ము శనివారం పెట్టేశాం. మేడ మెట్ల కింద చీకటి మూల ఉంది, అక్కడ. మా ఎదురింటి మేస్త్రీ తాత మూత కోసిపెట్టాడు. "ఉడుముని పెంచుకుంటున్నారా, పోలీసులు పట్టుకుంటారు" అని ముందు భయపడ్డాడు. ఇది ఉడుము కాదు, ఆకులు తింటుందని మందార పువ్వు పెట్టి చూపిస్తే అప్పుడు నమ్మాడు. పైపు చీల్చి అంచుకి తొడగడం కూడా ఆయనే చేశాడు.

ఇవాళ గన్నవరం వెళ్లి ఎక్స్‌రే తీయించాం. పెంకు కట్టిన గుడ్లే అన్నారు. ముప్పైకి పైనే ఉన్నాయట, ఏదీ అడ్డం పడలేదు. కాల్షియం కొంచెం తక్కువ ఉందని సిరప్ రాశారు, ఎన్ని చుక్కలో, ఎన్ని రోజులో కాగితం మీద రాసిచ్చారు. వేళ్లు అదరడం లేదు. కొత్త ట్యూబు పెట్టాను. రోజూ పొద్దున మేడ మీదికి తీసుకెళుతున్నాను.

డ్రమ్ములోకి వెళుతోంది, కాసేపు తవ్వుతోంది, బయటికి వచ్చేస్తోంది. నిన్న మూడుసార్లు ఇలాగే చేసింది. మట్టి నచ్చలేదా?

తార్నాక_పెద్దమ్మ | ఫిబ్రవరి 24, రాత్రి 9.20

నచ్చింది కాబట్టే మళ్లీ మళ్లీ వెళుతోంది. ముందు రెండు మూడు ఉత్తుత్తి గుంటలు తవ్వి చూసుకుంటుంది, అది మామూలే. మట్టి చేత్తో పట్టి చూడు, పై పొర ఎండి ఉంటే కాసిని నీళ్లు చల్లు. అది బయట ఉన్నప్పుడే చల్లు. ఇంకేమీ మార్చకు. అటువైపు ఎవరినీ వెళ్లనివ్వకు, మేస్త్రీ తాతని కూడా.

బెజవాడ_మందారం | మార్చి 3, మధ్యాహ్నం 12.15

పెట్టేసింది!

మొన్న సాయంత్రం ఐదింటికి లోపలికి వెళ్లింది, రాత్రికి కూడా రాలేదు. నిన్న పగలంతా మట్టి చప్పుడు వినిపిస్తూనే ఉంది. రాత్రి పదకొండుకి కరెంటు పోయి మూడు గంటలు రాలేదు. హ్యూస్టన్ అన్నయ్య గారు చెప్పినట్టు రెండు సీసాల్లో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, డ్రమ్ము బయట రెండు పక్కలా ఆనించి పైన దుప్పటి కప్పాం. లోపలికి తొంగి చూడలేదు పెద్దమ్మా, ఒట్టు.

ఇవాళ ఉదయం ఏడింటికి అదే బయటికి వచ్చింది. ముక్కు మీద, కళ్ల చుట్టూ మట్టి. గుర్తుపట్టలేనంత చిక్కిపోయింది. పక్కలు లోపలికి పోయాయి, నడుము దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి. 1 కిలో 260 గ్రాములు తూగింది. గోరువెచ్చటి నీళ్లలో పెడితే తల ముంచి చాలాసేపు తాగింది, తర్వాత బల్బు కిందికి వెళ్లి పడుకుంది. పిలిస్తే కళ్లు తెరుస్తోంది. ఇది నీరసమేనా, ప్రమాదమా? గుడ్లు ఇప్పుడే తీసేయాలా?

తార్నాక_పెద్దమ్మ | మార్చి 3, మధ్యాహ్నం 12.30

చల్లటి మాట చెప్పావు తల్లీ. పొద్దున్నుంచీ నీ పోస్టు కోసమే చూస్తున్నాను.

ఇది అలసట. దాదాపు నెల రోజులు తిండి లేకుండా, చివర్లో రోజున్నర మట్టి తవ్వి, అరకిలో బరువు దించుకుంది. ఎండలో కాసేపు, నీళ్లలో కాసేపు, మిగతా టైమంతా పడుకోనివ్వు. ఈ రాత్రికో రేపటికో తిండి వైపు చూస్తుంది. చూశాక మునగాకు, మందారం వదలకుండా పెట్టు, కాల్షియం సిరప్ డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడు.

గుడ్లు ఈరోజే తీయకు. మళ్లీ వెళ్లి పూడ్చి, మట్టి నొక్కి వస్తుంది, ఆ పని ముగించుకోనివ్వు. రెండు రోజులు అటు వెళ్లకపోతే అప్పుడు తవ్వి లెక్కపెట్టు.

వెట్_గుంటూరు | మార్చి 3, మధ్యాహ్నం 2.00

చాలా సంతోషం అండి. లెక్క ఎంత వచ్చినా, వారంలోపు ఇంకో ఎక్స్‌రే తీయించండి. ఒకటో రెండో లోపల మిగిలిపోయినా అది బాగానే తిరుగుతుంది, తర్వాతెప్పుడో ఇబ్బంది పెడుతుంది.

బెజవాడ_మందారం | మార్చి 8, సాయంత్రం 6.40

34 గుడ్లు. ఒకటి దారిలోనే పడి ఉంది, పసుపుగా ముడుచుకుపోయి. మిగతావన్నీ డ్రమ్ము చివర ఒకే కుప్పగా ఉన్నాయి. తెల్లగా, మెత్తటి తోలులా ఉన్నాయి, ఒక్కోటి నా బొటనవేలి కంటే కాస్త పొడవు. నానమ్మ ఒక్కోటి చేతిలోకి తీసుకుని లెక్కపెట్టింది, చేతులు కూడా కడుక్కుంది. నిన్న ఎక్స్‌రే తీయించాం, లోపల ఏమీ మిగల్లేదు.

మార్చి 4 రాత్రి నానమ్మ చేతిలోంచి మందార పువ్వు తింది, పూర్తిగా ఒక పువ్వు. ఆ తర్వాత రోజు నాలుగు. ఇవాళ గిన్నె ఖాళీ చేసి నా వైపు చూసింది. 1 కిలో 310కి వచ్చింది. అన్నయ్య వచ్చే వారం రెండు రోజులు సెలవు పెట్టి వస్తున్నాడు, ఆపరేషన్ సంగతి డాక్టరుతో తనే మాట్లాడతానన్నాడు.

పెద్దమ్మా, ఒక్కటి అడగాలి. డ్రమ్ములో మట్టి అంతా నానమ్మ తులసికోటలో పోస్తానంటోంది. పోయొచ్చా?

తార్నాక_పెద్దమ్మ | మార్చి 8, రాత్రి 7.05

తులసికోటలో వద్దని చెప్పు తల్లీ, ఆ ఆకులు మీరు నోట్లో వేసుకుంటారు. చిలకకి పెట్టే మందార మొక్క మొదట్లో కూడా వద్దు. డాక్టరు గారు చెప్పిన సాల్మొనెల్లా గుర్తుంది కదా. తినే మొక్కలకు దూరంగా ఏదైనా పెద్ద చెట్టు కింద పోయించు. డ్రమ్ము కడిగి ఎండబెట్టి దాచు, పైపు తొడుగు తీయకు.

బెజవాడ_మందారం | మార్చి 9, ఉదయం 10.10

వీధి చివర వేపచెట్టు కింద పోశాం. మేస్త్రీ తాత తట్టలు మోశాడు. తులసికోటకి వేరే మట్టి తెచ్చాం.